కయాత్సోలో పెపే ఇన్ గ్రాని: ఒక్క పిజ్జా పూట కోసం ప్లాన్ ఎలా వేసుకోవాలి?

గోరింట
అందరికీ నమస్కారం. అక్టోబర్ రెండో వారంలో ఇటలీ వెళ్తున్నాం. రోమ్‌లో 4 రాత్రులు, నేపుల్స్‌లో 3 రాత్రులు అనుకున్నాం. మొత్తం నలుగురం. పెద్దవాళ్లలో ఒకరు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. ఇంకొకరికి మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం. కాసెర్తా జిల్లాలోని కయాత్సో అనే చిన్న ఊళ్లో ఫ్రాంకో పెపే గారి పిజ్జేరియా 'పెపే ఇన్ గ్రాని'కి వెళ్లాలని గట్టిగా ఉంది. అడగాల్సినవి ఇవీ: రోమ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా? కారు తీసుకోవాలా? టేబుల్ ఎప్పుడు బుక్ చేయాలి? శాకాహారికి అక్కడ నిజంగా తినడానికి ఏముంటుంది?

రైలుకూత
రోమ్ నుంచి ఒక్కరోజులో వద్దండి. వెళ్లడం సులువే, తిరిగి రావడం దగ్గరే అంతా తేలిపోతుంది. ఇటలీలో పిజ్జేరియాలు మామూలుగా సాయంత్రం 7, 7:30కి గానీ తెరవరు. 8కి కూర్చుంటే 10 దాకా లేవరు. ఆ టైముకి కయాత్సో నుంచి కాసెర్తా స్టేషన్‌కి రావాలి, అక్కడి నుంచి రోమ్ రైలు పట్టుకోవాలి. రాత్రి 10 దాటాక ఆ దారిలో రైళ్లు బాగా తగ్గిపోతాయి. ఒక్కటి తప్పిందంటే స్టేషన్‌లోనే తెల్లారుతుంది.

అందుకని ప్లాన్ తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేసుకోండి. ముందు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో తేల్చండి, తర్వాత అక్కడికి చేర్చే బండి మాట్లాడండి, ఆ తర్వాతే టేబుల్ టైము ఎంచుకోండి. చాలామంది ముందు టేబుల్ బుక్ చేసి, బండి సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. కయాత్సో జనాభా సుమారు 5 వేలు. రాత్రి 10:30కి అక్కడ ట్యాక్సీ స్టాండులో బండ్లేమీ నిలబడి ఉండవు. నగరాల్లో పనిచేసే యాప్ అక్కడ తెరిస్తే ఖాళీ మ్యాపే కనిపిస్తుంది.

మీకు సరిపోయే వరస చెప్తాను. రోమ్‌లో 4 రాత్రులు అలాగే ఉంచండి. నేపుల్స్ 3 రాత్రుల్లో ఒకటి కోసి కాసెర్తాలో పెట్టండి. రోమ్ తెర్మిని స్టేషన్ నుంచి కాసెర్తాకు నేరుగా వేగం రైళ్లు ఉన్నాయి, గంటా పావు అటూ ఇటూ. రోజుకు కొన్నే కాబట్టి ముందే చూసుకుని కొనుక్కోవాలి. కస్సీనో అనే ఊరి మీదుగా వెళ్లే ప్రాంతీయ రైలు చవక గానీ దాదాపు రెట్టింపు సమయం. కాసెర్తాలో దిగి సామాను హోటల్లో పడేసి, మధ్యాహ్నం రాజభవనం చూసి, సాయంత్రం మాట్లాడుకున్న బండిలో కయాత్సో వెళ్లండి. మధ్యలో దూరం 20 కిలోమీటర్ల లోపే, అరగంట. రాత్రి అదే బండిలో హోటల్‌కి వచ్చేయండి. మర్నాడు కాసెర్తా నుంచి నేపుల్స్‌కి ప్రాంతీయ రైలు, 40 నిమిషాల పని. దీనికి సీటు రిజర్వేషన్ ఉండదు, టికెట్ అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు.

ఆ టికెట్ కాగితంది అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గర చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. మరిచిపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. ఫోన్‌లో కొన్న టికెట్‌కి అదే ఫోన్‌లో చెక్-ఇన్ నొక్కాలి.

దారిదీపం
వారం కూడా చూసుకోండి. కాసెర్తా రాజభవనానికి మంగళవారం సెలవు. పిజ్జేరియాలు వారానికి ఒకరోజు మూస్తాయి, చాలాచోట్ల అది సోమవారం. కాబట్టి సోమ, మంగళ వదిలేయండి. శుక్ర, శని, ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్ల కుటుంబాలన్నీ అక్కడే ఉంటాయి. బుధవారం గానీ గురువారం గానీ పెట్టుకుంటే నెమ్మదిగా తినొచ్చు.

ఇంకోటి సమ్మె. ఇటాలియన్‌లో షోపెరో అంటారు, ముందే ప్రకటిస్తారు. పని దినాల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లలో కొన్ని తప్పనిసరిగా నడపాలి. ఆ రోజు సమ్మె పడితే ఆ గంటల్లోనే కదలండి.

గోరింట
కాసెర్తాలో రాత్రి ఉండడం అన్నది మాకు తట్టనే లేదు, బాగుంది. మరి కారు? మాలో ఇద్దరికి ఇండియా లైసెన్సు ఉంది.

దారిదీపం
ఇండియా లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మీ ఆర్టీవోలోనే ఇస్తారు. పరివాహన్ సైటులో ఫారం 4ఏ నింపి, పాస్‌పోర్ట్, వీసా, టికెట్ల కాపీలు పెట్టాలి. ఏడాది చెల్లుతుంది. బయల్దేరే ముందే తీసుకోవాలి, అక్కడికెళ్లాక దొరకదు. కారు ఇచ్చే కౌంటర్లో ఇది లేకపోతే, డబ్బు ముందే కట్టినా బండి ఇవ్వకపోవచ్చు. డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. ఇంకో మనిషి కార్డు, డెబిట్ కార్డు చాలాచోట్ల పనికిరావు. ఆటోమేటిక్ గేరు కావాలంటే బుక్ చేసేటప్పుడే ఎంచుకోండి, అక్కడ మామూలుగా ఉండేవి చేతి గేరువే.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది జెడ్‌టీఎల్ దగ్గర. పాత ఊరి నడిబొడ్డున బయటి బండ్లకు నిషేధం ఉన్న ప్రాంతం అది. గేటు, చెక్‌పోస్టు ఏమీ ఉండదు, కెమెరా నంబర్ ప్లేటును ఫోటో తీసుకుంటుంది, అంతే. లైట్ల బోర్డు మీద 'వార్కో అత్తీవో' అని కనిపిస్తే దారి తెరిచి ఉందని అనుకుంటారు. అర్థం పూర్తిగా తిరగబడి ఉంటుంది: కెమెరా పనిచేస్తోంది, నిషేధం అమల్లో ఉంది, లోపలికి రావద్దు అని. 'నాన్ అత్తీవో' అంటేనే వెళ్లొచ్చు. ముందు కారు కంపెనీ మీ వివరాలు పోలీసులకిచ్చినందుకు కార్డు మీద రుసుము కోస్తుంది. అసలు జరిమానా నోటీసు నెలల తర్వాత ఇంటికి వస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్లకు 360 రోజుల లోపు పంపొచ్చు. అంతా అయిపోయిందని మరిచిపోయాక వస్తుందన్నమాట.

కయాత్సో కొండ మీది పాత ఊరు, సందులు సన్నం. కారు ఊరి అంచునే ఆపేసి నడవడం మేలు.

రైలుకూత
నలుగురికి, అదీ ఒక్క సాయంత్రానికి, కారు వద్దంటాను. తినేది పిజ్జా, పక్కన బీరో వైనో ఉంటుంది. ఇటలీలో హద్దు లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్. లైసెన్సు వచ్చి మూడేళ్లు కాని వాళ్లకు సున్నా. దిగేటప్పుడు చీకట్లో కొండ మలుపులు, అలవాటు లేని కుడి వైపు నడపడం. మీ హోటల్ వాళ్లనే ఎన్‌సీసీ బండి మాట్లాడమనండి. డ్రైవరుతో సహా ముందే బుక్ చేసుకునే లైసెన్సు బండి అది. మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి: రానూపోనూ కలిపి ధర ఎంత, ఎదురుచూపుకి ఎన్ని గంటలు అందులో కలిసి ఉన్నాయి, ఆపైన గంటకు ఎంత. 'అందాతా ఎ రితోర్నో, కోన్ అత్తేసా' అంటే రానూపోనూ, మధ్యలో ఎదురుచూపుతో. ఎదురుచూపు మాట రాయకపోతే దింపేసి వెళ్లిపోతారు.

నేపుల్స్ నుంచి కొండల వైపు ఈఏవీ అనే స్థానిక రవాణా సంస్థ వాళ్ల చిన్న రైలు లైను ఒకటి ఉంది, కయాత్సో పేరుతో స్టేషన్ కూడా ఉంది. రాత్రి భోజనానికి దాన్ని నమ్ముకోకండి.

తెల్లకాగితం
బండి అసలు వద్దనుకుంటే ఇంకో దారి: కయాత్సోలోనే పడుకోవడం. పిజ్జేరియా ఉన్న పాత భవనంలోనే కొద్ది గదులున్నాయి, ఊళ్లో చిన్న బసలు కూడా ఉన్నాయి. అవి త్వరగా నిండుతాయి, కాబట్టి ముందు గది, తర్వాత టేబుల్. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు లిఫ్ట్ ఉందా అని అడగకుండా పాత భవనంలో గది తీసుకోకండి.

గోరింట
మోకాళ్ల గురించే ఇంకొంచెం చెప్పండి. పిజ్జేరియా దగ్గర మెట్లు ఎలా ఉంటాయి?

తెల్లకాగితం
వీకోలో సాన్ జొవాన్ని బాత్తీస్తా అనే సన్నటి రాతి సందులో 18వ శతాబ్దపు భవనం. 2012లో బాగుచేసి తెరిచారు. కూర్చునే చోట్లు వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి, పైన టెర్రస్ నుంచి వోల్తుర్నో నది లోయ కనిపిస్తుంది. అందరూ టెర్రస్ అడుగుతారు. మీరు దానికి ఎదురు అడగండి: తక్కువ మెట్లున్న టేబుల్ కావాలని బుకింగ్‌లోనే రాయండి. 'పోకీ గ్రదీని, పెర్ ఫవోరే' అంటే తక్కువ మెట్లు, దయచేసి. వెళ్లాక అడిగితే, కింద టేబుళ్లు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేసి ఉంటారు. సందు రాళ్లు తడిస్తే జారతాయి. అక్టోబర్లో వానలు పడతాయి కాబట్టి రబ్బరు అడుగున్న చెప్పులు తీసుకెళ్లండి. బండిని ఎంత దగ్గరికి రానిస్తారో డ్రైవర్‌ని ముందే అడగండి.

మ్యాప్ విషయంలో జాగ్రత్త. ఉత్తినే 'పెపే' అని కొట్టకండి. ఫ్రాంకో తాత చీరో రొట్టెలు కాల్చేవారు, తండ్రి స్తేఫానో పిజ్జా చేసేవారు. అదే కుటుంబం పేరుతో ఆ ఊళ్లో ఇంకో పిజ్జేరియా కూడా ఉంది. 'పెపే ఇన్ గ్రాని' అని పూర్తిగా కొట్టండి. ఆ మాటకు అర్థం మిరియపు గింజలు, ఇంటి పేరు మీద ఆడిన మాట.

బుకింగ్ వాళ్ల సొంత సైటులోనే చేయండి. మీ తేదీకి బుకింగ్ తెరిచిన రోజే పట్టేయండి, వారాంతమైతే మరీను. తేదీ రోజు/నెల వరసలో, టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. 20:00 అంటే రాత్రి 8. టేబుల్ ఎన్నింటికి ఖాళీ చేయాలో రాసుందా చూడండి, అది చూశాకే బండికి తిరుగు టైము చెప్పండి.

మూకుడు
దారి సంగతులు బాగా చెప్పారు. తిండి దగ్గరికి వద్దాం, ఎందుకంటే అక్కడికెళ్లి మామూలు మార్గెరీటా ఆర్డర్ చేసి వచ్చేస్తే ఇంత దూరం ఎందుకు?

తప్పక తినాల్సింది మార్గెరీటా స్బాల్యాతా. స్బాల్యాతా అంటే 'తప్పుగా చేసింది'. మామూలు మార్గెరీటాలో టమోటా, మోత్సరెల్లా జున్ను, బేసిల్ ఆకు మూడూ కలిసి పొయ్యిలోకి వెళ్తాయి. ఇక్కడ మోత్సరెల్లా ఒక్కటే వెళ్తుంది. తెల్లగా, అంచున బుడగలు కట్టి బయటికి వచ్చాక, రిచ్చో అనే ఆ ఊరి టమోటాతో చేసిన పచ్చి గుజ్జును ఎర్రటి గీతలుగా గీస్తారు. బేసిల్ రసాన్ని చిక్కబరిచి ఆకుపచ్చ చుక్కలు పెడతారు. కారణం ఉంది. పొయ్యి వేడికి టమోటాలో పచ్చి పులుపు, వాసన తగ్గుతాయి, బేసిల్ నల్లబడి చేదెక్కుతుంది. రెంటినీ పొయ్యికి దూరంగా ఉంచితే వేడి జున్ను మీద చల్లటి టమోటా నాలుకకు విడివిడిగా తగులుతుంది. వేడి, చల్ల తేడా రెండు మూడు నిమిషాలే ఉంటుంది. ఫోటో ఒకటి తీసి తినేయండి. ముక్కను మడిచి నోట్లో పెట్టుకుంటే గీతా, చుక్కా, జున్నూ ఒకే కొరుకులో వస్తాయి.

రెండోది క్రిసొమ్మొలా. నేపుల్స్ యాసలో ఆ మాటకు ఆప్రికాట్ అని అర్థం, మన హైదరాబాదు ఖుబానీ పండే. వేయించిన పిండి మీద వెసూవియో కొండ దగ్గర పండే ఆప్రికాట్ల జామ్, గేదె పాల రికోత్తా అనే మెత్తటి జున్ను, వేయించిన హేజల్‌నట్ పలుకులు, ఎండబెట్టిన ఆలివ్ పొడి, పుదీనా. తీపి, ఉప్పు కలిసి ఉంటుంది కాబట్టి చివర పెట్టుకోండి.

ఓవెన్_గూడు
పిండి గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడి పనితనం అంతా అందులోనే ఉంది. ఫ్రాంకో పెపే పిండిని మిషన్‌లో కలపరు. మాదియా అనే చెక్క తొట్టిలో చేత్తో కలుపుతారు. నీళ్లు ఇన్ని, పిండి ఇంత అని బిగించిన కొలత కాదు, ఆ రోజు గాలిలో తేమను బట్టి చేతికి తెలిసే లెక్క. మన ఇళ్లల్లో దోసెల పిండి ఎండాకాలంలో త్వరగా, చలికాలంలో ఆలస్యంగా పొంగినట్టే. అందుకే అంచు మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, కడుపు బరువెక్కదు.

నేపుల్స్ సంప్రదాయ పిజ్జాకు యూరప్ గుర్తింపు ఉంది: కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లు, 35 సెంటీమీటర్లకు మించని వెడల్పు, ఒక్కోదానికి 180 నుంచి 250 గ్రాముల పిండి ముద్ద. కయాత్సో పిజ్జాను ఆ కొలబద్దతో కొలవకండి, దాని దారి వేరు.

నలుగురికి ఆర్డర్: అన్నీ ఒకేసారి చెప్పకండి, పిజ్జా చల్లారితే అంచు తోలులా అవుతుంది. 'ఉనా అల్లా వోల్తా' అంటే ఒక్కొక్కటిగా. ముందు ఏదో ఒక వేయించింది చిన్నది, తర్వాత స్బాల్యాతా, తర్వాత శాకాహారికి సరిపడేది ఒకటి, ఇంకా ఆకలుంటే నాలుగోది, ఆఖర్న క్రిసొమ్మొలా. నాలుగు ముక్కలుగా కోసి ఇమ్మని అడగొచ్చు. రుచుల వరస మెనూ కూడా ఉంటుంది, కానీ మామూలుగా అది టేబుల్ అంతా కలిసి తీసుకోవాలి. ఒకరికి పథ్యం ఉన్నప్పుడు విడివిడిగా తెప్పించుకోవడమే నయం.

పచ్చచుక్క
శాకాహారి సంగతి ఎవరూ లోతుగా చెప్పలేదు, నేను చెప్తాను. పిండి ముద్దలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ ఉంటాయి. గుడ్డు, పాలు ఉండవు, అక్కడ భయం లేదు. చిక్కంతా జున్నులో. గేదె పాల మోత్సరెల్లా ది బూఫలా కంపానాకు రక్షిత పేరు ఉంది, ఆ నియమాల ప్రకారమే పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడాలి. పర్మిజానో, గ్రానా పదానోలదీ దూడ రెన్నెట్టే. మన దగ్గర ఆకుపచ్చ చుక్క ఉన్న జున్ను సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేస్తారు కాబట్టి ఈ సంగతి చాలామందికి తట్టదు. ఇటలీలో జున్ను తినేవాళ్లనూ శాకాహారులే అంటారు. కాబట్టి 'వెజెతరియానో' అన్నంత మాత్రాన వాళ్లు జున్ను తీయరు. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి, తినాలా వద్దా అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి.

వద్దంటే మారినారా ఉంది: టమోటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె. పేరు చూసి చేప అనుకుంటారు, మూల మారినారాలో చేప ఉండదు. అయినా కొన్నిచోట్ల ఆంచొవీ అనే చిన్న చేప వేసిన రకాలు చేస్తారు, కాబట్టి 'సెంజా అలీచి', అంటే ఆంచొవీ లేకుండా, అనండి.

'సెంజా కార్నే' అంటే మాంసం లేకుండా. అదొక్కటే అంటే చాలదు, చేపను వాళ్లు మాంసం లెక్కలో వేయరు. 'సెంజా కార్నే, సెంజా పేషే' అని రెండూ అనండి. మెనూలో 'పెపెరోని' అని ఉంటే మాంసం అనుకుని కంగారు పడకండి, అది క్యాప్సికమ్. స్కరోలా ఆకు పెట్టిన కల్జోనే, అంటే మడిచిన పిజ్జా, చూడ్డానికి ఆకుకూరే, లోపల ఆంచొవీ చేప ఉంటుంది. సంప్రదాయ వేయించిన పిజ్జాలో రికోత్తాతో పాటు చీకొలి వేస్తారు, అవి పంది కొవ్వు ముక్కలు. నూనె గురించి కూడా అడగండి: మాంసం ఉన్నవీ లేనివీ ఒకే మూకుట్లో వేయిస్తారా అని.

గోరింట
ఇది చాలా ముఖ్యం, ఇంట్లో ఇప్పుడే చదివి వినిపించాను. మారినారా ఖాయం చేశాం. ఒకవేళ టేబుల్ దొరక్కపోతే?

మూకుడు
కాసెర్తాలోనే ఫ్రాంచెస్కో మర్తూచ్చి గారి 'ఈ మసానియెల్లి' అనే పిజ్జేరియా ఉంది. ఫిఫ్టీ టాప్ పిజ్జా జాబితాలో మొదటి స్థానం అందుకున్నదే. దాని ప్రత్యేకత ఒకే పిండిని ఆవిరి మీద, నూనెలో, పొయ్యిలో మూడు రకాల వేడిలో వండడం. లోపల దూదిలా, పైన కరకర. అక్కడా బుకింగ్ కావాలి. అన్నదమ్ముల రెండు దుకాణాలు అదే పేరుతో ఉన్నాయి కాబట్టి పూర్తి పేరు చూసి వెళ్లండి.

వైన్ తాగేవాళ్లుంటే ఆ కొండల సొంత ద్రాక్షలు అడగండి, పల్లగ్రెల్లో, కసవెక్కియా. వేరే ప్రాంతాల్లో సులభంగా దొరకవు.

రైలుకూత
రాజభవనం మీద రెండు ముక్కలు, మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి. స్టేషన్ ఎదురుగానే ఉంది. లూయీజీ వాన్‌వితెల్లి కట్టడం, 1752లో మొదలు, 1,200 గదులు. లోపలి గదులకన్నా కాళ్లు నొప్పి పెట్టేది తోట. భవనం నుంచి జలపాతం దాకా తిన్నగా దాదాపు 3 కిలోమీటర్లు, నీడ తక్కువ. లోపల షటిల్ బస్సు ఉంటుంది, దాంట్లో పైకి వెళ్లి దాంట్లోనే రండి. తోటను గదులకన్నా ముందే మూస్తారు, అందుకని తోట ముందు, గదులు తర్వాత. సాయంత్రం 5:30కల్లా హోటల్ చేరి ఓ గంట నడుం వాల్చితేనే రాత్రి పిజ్జా తినే ఓపిక ఉంటుంది.

తెల్లకాగితం
బిల్లు గురించి. కొపెర్తో అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా టేబుల్ రుసుము వేయడం ఇటలీలో చాలాచోట్ల మామూలే, మోసం కాదు. నీళ్ల సీసాకూ డబ్బే: 'నతురాలే' మామూలు నీళ్లు, 'ఫ్రిత్సాంతే' గ్యాసువి. టిప్పు తప్పనిసరి కాదు. బిల్లు వాళ్లంతట వాళ్లు తేరు, 'ఇల్ కోంతో, పెర్ ఫవోరే' అని అడగాలి. ఇది తెలియక ఎదురుచూస్తూ కూర్చుంటే కింద ఎన్‌సీసీ బండికి గంట రుసుము పెరుగుతుంది. ఆఖరి పిజ్జా టేబుల్ మీదకు వచ్చినప్పుడే బిల్లు అడిగేయండి.

గోరింట
నోట్ చేసుకున్నాను: గురువారం, కాసెర్తాలో ఒక రాత్రి, ఎన్‌సీసీ బండి ఎదురుచూపుతో, టేబుల్ 19:30కి, కింది అంతస్తు, శాకాహారికి జున్ను లేని మారినారా. వీసా అపాయింట్‌మెంట్ ఇంకా తీసుకోలేదు. రద్దు చేసుకోగలిగే బుకింగులు పెట్టొచ్చా?

దారిదీపం
పెట్టొచ్చు, అలాగే పెట్టండి. మొత్తం ప్రయాణం ఇటలీలోనే కాబట్టి ఇటలీ షెన్‌గెన్ వీసానే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. కానీ ఆ గడువు దాకా ఆగితే అపాయింట్‌మెంటే దొరకదు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హోటల్ బుకింగుల్లో నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, కాసెర్తా రాత్రితో సహా. రోమ్ 4, నేపుల్స్ 3 అని పాత ప్లాన్ కాగితం అలాగే పెట్టి, బుకింగులు మాత్రం కొత్తవి పెడితే రెండూ పొసగవు. ముందు ఆ కాగితం మార్చండి.